ఫ్లైఓవర్ కింద ఉండేవాళ్లను ఈ ఎండల్లో ఎలా కాపాడుకోవాలి?

విజయవాడలో మీ కాలనీ పక్క ఫ్లైఓవర్ కింద ఇరవై మందిదాకా ఉంటున్నారనీ, ఎండ 44 డిగ్రీలు దాటుతోందనీ, మీరు నలుగురు మిత్రులు కలిసి రోజూ మధ్యాహ్నం నీళ్ల బాటిళ్లు, మజ్జిగ ప్యాకెట్లు పంచుదామనుకుంటున్నారనీ రాశారు. ఇంకా ఏం చేయాలి, ఎవరికైనా వడదెబ్బ తగిలితే ఏం చేయాలి అని అడిగారు. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. చాలా ఏళ్లుగా ప్రతి ఎండాకాలం ఈ ఊళ్లోనే రైల్వేస్టేషను, బస్టాండు, కృష్ణ ఘాట్ల దగ్గర ఉండేవాళ్ల మధ్య తిరుగుతున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు ఒక మార్పు చేయండి. పంపిణీ మధ్యాహ్నం వద్దు. ఒంటిగంటకు ఆటోలోంచి దించి బాటిళ్లు పంచడం మొదలుపెడితే, అప్పటిదాకా ఎక్కడో కాస్త నీడలో ముడుచుకుని పడుకున్న ముసలివాళ్లు కూడా లేచొచ్చి ఎండలో వరస కడతారు. వెనక ఉన్నవాళ్లకు అందదేమోనని తోపులాట. అరగంట ఎండలో నిలబెట్టి అరలీటరు నీళ్లిచ్చినట్టవుతుంది. ఉదయం పది లోపు ఒకసారి, సాయంత్రం ఆరు తర్వాత ఒకసారి పంచండి. మధ్యాహ్నం కూడా వెళ్లండి కానీ చేతులూపుకుంటూ, మనుషుల్ని చూడ్డానికి వెళ్లండి. ఎవరు ఎక్కడ పడుకున్నారు, పలకరిస్తే పలుకుతున్నారా, నిన్న కనిపించిన మామ్మ ఇవాళ ఎక్కడుంది అని కనుక్కోవడానికి. ఈ ఊళ్లో నీళ్లు పంచేవాళ్లకు కొదవలేదు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఆ మనిషి ఎక్కడుంటాడు అని పట్టించుకునేవాళ్లే తక్కువ. ప్రాణాలకు ఎక్కువ ముప్పు ఆ నాలుగు గంటల్లోనే.

వడదెబ్బ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, అది ఆగేది కాదు. రోడ్డు మీద ఉండే మనిషి విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఒకటుంది: 'తాగి పడిపోయాడులే.' వడదెబ్బ తగిలినవాడు తూలుతాడు, మాట ముద్దగా వస్తుంది, అసందర్భంగా మాట్లాడతాడు, ఒక్కోసారి తిడతాడు, బట్టలు విప్పేసుకుంటాడు, తర్వాత స్పృహ తప్పుతాడు. చూసేవాళ్లకు ఇదంతా తాగుడులాగే కనిపిస్తుంది. అతను నిజంగానే కాస్త తాగి ఉండొచ్చు కూడా. అయినా ఎండలో పడి ఉన్న మనిషిని వడదెబ్బ అనుకునే చూడాలి. దగ్గరికెళ్లి భుజం తట్టి, 'పెద్దాయనా, పేరేంటి? పొద్దున ఏం తిన్నారు?' అని అడగండి. ఇవాళ ఏ వారం అని అడగొద్దు, రోడ్డు మీద బతికేవాళ్లకు వారాలతో పని ఉండదు. మెడ మీదో పొట్ట మీదో అరచెయ్యి వెనకవైపు ఆనించి చూడండి. ఒళ్లు కాలిపోతూ, జవాబు సరిగ్గా రావడంలేదంటే వడదెబ్బే. చెమట పట్టడం లేదా అని మాత్రమే చూసి నిర్ణయించుకోవద్దు. కదలకుండా పడి ఉన్న ముసలివాళ్ల ఒళ్లు పొడిగా ఉంటుంది. రిక్షా తొక్కేవాళ్లకు, మూటలు మోసేవాళ్లకు వడదెబ్బలో కూడా చెమట కారుతూనే ఉండొచ్చు.

ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతినడమే వడదెబ్బ. ఆ వేడి ఎంతసేపు ఉంటే అంత నష్టం. కాబట్టి ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆగొద్దు. ముందు తారు మీద నుంచి, సిమెంటు మీద నుంచి పక్కకు జరపండి. మే నెల మధ్యాహ్నం ఆ తారు మీద పడి ఉంటే వీపు, చేతులు బొబ్బలెక్కుతాయి. నీడలోకి తెచ్చి, పైన ఉన్న మందపాటి బట్టలు తీసి, తల నుంచి కాళ్లదాకా నీళ్లు పోయండి. మగ్గులతో పోస్తూనే ఉండండి. ఇంకొకరు అట్టముక్కతో గట్టిగా విసరండి. తడి ఒంటి మీద గాలి ఆడితేనే వేడి దిగుతుంది. పొడి ఒంటికి వడగాలి తగిలితే వేడి పెరుగుతుంది. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. ఐసు ఎక్కడ తేవాలా అని వెతుక్కోవద్దు, ప్రతి సెంటర్లోనూ చెరుకురసం బండి ఉంటుంది. దాని దగ్గర గోనెసంచిలో చుట్టిన ఐసుదిమ్మ ఉంటుంది. మీ ఫ్లైఓవర్ దగ్గర బండి నడిపే అతనితో ఈ విషయం ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇలాంటి సమయంలో కాదన్నవాళ్లను నేను చూడలేదు.

స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. జ్వరం మాత్ర వేయొద్దు. ఇది జ్వరం కాదు, పారాసెటమాల్‌కి తగ్గదు, పైగా అప్పటికే నలిగిపోయి ఉన్న కాలేయానికి భారం. ఉల్లిపాయ రసం రాయమని చుట్టూ చేరినవాళ్లు చెప్తారు. మన పెద్దవాళ్ల మాట కాబట్టి వాళ్లతో వాదన పెట్టుకోకండి, కానీ ఆ నిమిషాలు నీళ్లు పోయడానికే వాడండి. 108 వాళ్లకు 'ఫ్లైఓవర్ కింద' అంటే తెలియదు. కిలోమీటర్ల పొడవుంటుంది. పిల్లర్ నంబరు చెప్పండి, లేకపోతే పక్క షాపు పేరు చెప్పండి. మీలో ఒకరు ఆ మనిషితో పాటు ఆసుపత్రికి వెళ్లండి. వెంట మనిషి లేనివాళ్లను చూసే తీరు వేరు, వెంట మనిషి ఉంటే చూసే తీరు వేరు. క్యాజువాల్టీలో ఏళ్లపాటు పనిచేసిన దాన్ని కాబట్టి ఈ మాట బాధతోనే చెప్తున్నాను.

తెలివిలో ఉండి నీరసం, కళ్లు తిరగడం, వాంతి, పిక్కలు పట్టేయడం లాంటివి ఉంటే అది దానికి ముందు దశ. నీడలో కూర్చోబెట్టి, మెడకు తడిగుడ్డ చుట్టి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. గంటలోపు తేరుకోకపోయినా, మాట తేడాగా అనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఓఆర్ఎస్ అంటే లీటరు నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. పేరులో ఓఆర్ఎస్ అని ఉండే తియ్యటి డ్రింకులు వేరు. అలా పేరు పెట్టి అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశాలిచ్చింది. దాతలు పెట్టెలకొద్దీ అలాంటి డ్రింకులు తెచ్చిస్తే మర్యాదగా వద్దని చెప్పి, పొడి ప్యాకెట్లు కొనివ్వమనండి. ప్యాకెట్లు లేనినాడు లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి, అంటే చెంచా అంచుకు సమంగా. ఉప్పు అంతకు మించనివ్వకండి.

నీళ్ల విషయంలో ఒక సంగతి బయటివాళ్లకు తట్టదు. ఘాటు దగ్గర ఉండే ఒక మామ్మకు ఎన్ని బాటిళ్లిచ్చినా సాయంత్రానికి మూత తీయకుండా తలకింద అలాగే ఉండేవి. పెదాలు పగిలి, నాలుక ఎండిపోయి ఉండేది. దాహం లేదమ్మా అనేది. ఒకరోజు పక్కన కూర్చున్న ఇంకో ఆవిడ చెప్పింది, 'తాగితే పోవాలి కదమ్మా, ఎక్కడికి పోతాం?' అని. పబ్లిక్ టాయిలెట్‌కి వెళ్లినప్పుడల్లా డబ్బులు. రాత్రి తాళం. వాళ్ల అవతారం చూసి కాపలా అతను లోపలికి రానివ్వడు. అందుకని ఆడవాళ్లు పగలంతా గొంతు తడుపుకోవడంతోనే సరిపెట్టుకుంటారు, చీకటి పడ్డాకే తాగుతారు. మీరు వెయ్యి బాటిళ్లు పంచినా ఈ ముడి విప్పకపోతే లాభం లేదు. మీ దగ్గర్లో ఉన్న టాయిలెట్ నడిపేవాళ్లతో మాట్లాడి, నెలకింతని మీరే కట్టేలా ఒప్పందం చేసుకోండి. ఎవరెవరు వస్తారో వాళ్లను స్వయంగా తీసుకెళ్లి పరిచయం చేయండి. మజ్జిగ ప్యాకెట్లకు పెట్టే ఖర్చులో చిన్న భాగంతోనే అయిపోతుంది. ఆడవాళ్లు నీళ్లు తాగడం మొదలుపెట్టేది ఆ తర్వాతే.

ప్లాస్టిక్ బాటిల్ గంటసేపు ఎండలో ఉంటే వేడినీళ్లవుతాయి, ఎవరూ తాగరు. వాళ్లుండే చోటే తడి గోనె చుట్టిన పెద్ద కుండ, కుళాయి ఉన్నది పెట్టండి. మనిషికొక గట్టి సీసా ఇచ్చి నింపుకోమనండి. చలివేంద్రాలు సాధారణంగా మెయిన్ సెంటర్లో, ఫ్లెక్సీ కట్టి, వచ్చేపోయేవాళ్ల కోసం పెడతారు. అక్కడికి ఈ మనుషులు వెళ్లడానికి జంకుతారు, వెళ్తే షాపులవాళ్లు అదిలిస్తారు. కుండ రోజూ కడగాలి. నీళ్లు ఎక్కడివో తెలియకపోతే క్లోరిన్ మాత్ర, ప్యాకెట్ మీద ఉన్న లెక్క ప్రకారం వేయాలి. విరేచనాలు పట్టుకున్న మనిషికి మర్నాడు వడదెబ్బ తగలడం ఎంతసేపు?

అదే కారణంతో పెరుగన్నం పొట్లాల దగ్గర కూడా జాగ్రత్త. ఆకలి తెలిసినవాళ్లు సగం తిని సగం రాత్రికి దాచుకుంటారు. ఆ వేడికి సాయంత్రానికే అది పాడైపోతుంది. అక్కడికక్కడ తినేంతే ఇవ్వండి, రెండోసారి మళ్లీ తెస్తామని చెప్పి నిజంగానే తీసుకెళ్లండి. మాట తప్పితే మళ్లీ దాచుకోవడం మొదలుపెడతారు. పొద్దున పూట రాగి అంబలి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, గంజి మంచివి. ఒట్టి నీళ్లే తాగుతూ ఏమీ తినకపోతే ఒంట్లో ఉప్పు పడిపోతుంది. అన్న క్యాంటీన్ దగ్గర్లో ఉంటే అయిదు రూపాయల భోజనం ఎలాగూ దొరుకుతుంది. నడిచి వెళ్లలేనివాళ్లకు తెచ్చిపెట్టడం మీ పని.

ఇక నీడ. ఫ్లైఓవర్ నీడే కదా అనుకోవచ్చు. నీడే, కానీ రెండువైపులా బండ్ల వేడి, పొగ, పైన పగలంతా కాగిన కాంక్రీటు. చెట్టు నీడకూ దానికీ చాలా తేడా ఉంది. మన ఊళ్లలో చాలా పార్కులు పొద్దున వాకింగ్‌కి తెరిచి, ఎండ ముదిరే వేళకు మూసేసి, సాయంత్రం మళ్లీ తెరుస్తారు. చెట్లు, బెంచీలు, కుళాయి ఉన్న చోటు సరిగ్గా అవసరమైన గంటల్లో తాళం వేసి ఉంటుంది. ఎండల నెలల్లో పార్కు మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచమని మీ కాలనీ సంఘం తరఫున కార్పొరేషన్ కమిషనర్‌కి అర్జీ పెట్టండి. ఇంకో దారి ఉంది, నన్నడిగితే అదే అన్నిటికంటే మంచిది. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా మున్సిపల్ స్కూళ్లు ఖాళీ. వరండా, ఫ్యాన్లు, కుళాయి, ఆడవాళ్లకు వేరే టాయిలెట్ అన్నీ ఉన్న భవనాలు, ఎండలు మండే వారాల్లోనే ఖాళీగా ఉంటాయి. ఒక్క స్కూలు వరండా పదకొండు నుంచి అయిదు దాకా ఇప్పించుకోగలిగితే మీ ఇరవై మందికి ఈ వేసవి గడిచిపోతుంది. శుభ్రం చేసే బాధ్యత, తాళం బాధ్యత మీరు రాతపూర్వకంగా తీసుకుంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. చర్చి హాలు, మసీదు వరండా, ముహూర్తాలు లేనప్పుడు కల్యాణమండపం కూడా అడగండి.

ఏదీ కుదరకపోతే చలువ పందిరి వేయండి. నీలం ప్లాస్టిక్ టార్పాలిన్ ఒక్కటే కట్టకండి, కింద ఉడికిపోతుంది. తాటాకులో, నర్సరీల్లో వాడే ఆకుపచ్చ వలో పైన వేసి, నాలుగువైపులా గాలాడనివ్వండి. తాటాకు అయితే వంట పొయ్యిలు, బీడీలు దూరంగా ఉండేలా చూడాలి.

రాత్రి గురించి ఎవరూ మాట్లాడరు. పగలు కాగిన సిమెంటు అర్ధరాత్రి దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోత దానికి తోడు. రాత్రి చల్లబడని ఒళ్లు మర్నాటి ఎండను తట్టుకోలేదు. ఒకసారి రాత్రి పదింటికి వెళ్లి చూడండి, అంత ఉక్కలో తలనుంచి కాళ్లదాకా దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంటారు. దోమల కోసం. ఆడవాళ్లయితే దోమలతో పాటు మనుషుల చూపు తగలకుండా కూడా. ఆ దుప్పట్లోనే కొందరికి తెల్లారేసరికి స్పృహ ఉండదు. అందుకే బాటిళ్ల తర్వాత నేను డబ్బు పెట్టేది దోమతెరలకు, దోమల మందుకు, పల్చటి నూలు దుప్పట్లకు, సిమెంటుకు కాస్త ఎత్తున పడుకోవడానికి నులక మంచాలకు. హవాయి చెప్పులు కూడా. అరికాళ్లు కాలిపోయిన మనిషి నీడ దాకా కూడా నడవలేడు.

ఇల్లు లేనివాళ్ల కోసం ఉన్న షెల్టర్‌కి ఎందుకు వెళ్లరు అని చాలామంది విసుక్కుంటారు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు ఉండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లోనే రాశారు. మీ ఊరి షెల్టర్ పగలు తెరుస్తున్నారా, పైకప్పు రేకులా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా అని మీరు ముందు వెళ్లి చూసి రండి. ఆ తర్వాత మాట్లాడండి. వాళ్ల కారణాలు వినండి: సామాను పోతుంది, మొగుడినీ పెళ్లాన్నీ వేరుచేస్తారు, వెంట ఉన్న కుక్కను రానివ్వరు, తెల్లవారుజామున కూలి అడ్డా దూరమైపోతుంది. ఒక్కొక్కదానికీ పరిష్కారం వెతకాలి. సామానుకు తాళం పెట్టె దొరికాక వెళ్లినవాళ్లు ఉన్నారు. బలవంతంగా వ్యాన్ ఎక్కిస్తే మాత్రం రెండోరోజు అక్కడి నుంచి పారిపోయి, మీకు కనపడని చోట పడుకుంటారు.

ప్రత్యేకంగా కనిపెట్టుకోవాల్సినవాళ్లు కొందరున్నారు. మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లలో కొన్ని మందులు చెమట పట్టనివ్వవు. లిథియం వాడే మనిషి ఒంట్లో నీళ్లు తగ్గితే ఆ మందే విషమవుతుంది. అలాగని మందులు ఆపించొద్దు. ఆ చీటీ ఒకసారి డాక్టరుకు చూపించి ఎండల్లో ఏం చేయాలో అడగండి. ఎటు తీసుకెళ్లాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. మే నెలలో మూడు చొక్కాలు, స్వెట్టర్ తొడుక్కుని తిరిగే మనిషిని చూసి నవ్వుతుంటారు. అతనికున్న ఆస్తి అంతా అదే, విప్పితే ఎవరో పట్టుకుపోతారు. ఒక సంచి ఇచ్చి, నమ్మకం కుదిరాక ఒక్కొక్కటీ విప్పించాలి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఎండ అలవాటు పడటానికి వారం రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో ముప్పు ఎక్కువ. మూత్రం రంగు ముదిరితే నీళ్లు చాలడంలేదని అర్థం, కానీ టీబీ మందులు వాడేవాళ్లకు మందు వల్లే ఎర్రగా వస్తుంది, వాళ్లను వేరే గుర్తులతో చూడాలి. కాళ్లు వాచి, కిడ్నీ జబ్బుందని చెప్పేవాళ్లకు ఓఆర్ఎస్ విచ్చలవిడిగా ఇవ్వకుండా డాక్టరును అడగండి. దిక్కులేని ముసలివాళ్లు కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఇష్టపడి చెప్పినవాళ్ల పేరు, సొంతూరు, జబ్బులు, వాడే మాత్రలు, కబురు చెప్పదగినవాళ్ల ఫోన్ నంబరు ఉంటే అదీ. అది మీలో ఒక్కరి దగ్గరే ఉండాలి, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకూడదు. ఆసుపత్రిలో ఈ నాలుగు ముక్కలే ప్రాణం నిలబెడతాయి. ఇంకొక అవసరం కూడా ఉంది, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,369 మంది వడదెబ్బకు చనిపోయారని ప్రభుత్వ లెక్క. వడదెబ్బ మరణమని తేల్చేది తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ఉన్న కమిటీ. పోస్టుమార్టం కావాలి, అడిగేవాళ్లుండాలి. ఫుట్‌పాత్ మీద పోయిన మనిషికి అడిగేవాళ్లుండరు, గుర్తుతెలియని మృతదేహం అని రాసి ముగిస్తారు. ఆ లెక్కలోకి రాలేదంటే వచ్చే ఏడు షెల్టర్లకు, చలివేంద్రాలకు డబ్బు అడగడానికి ఆధారం ఉండదు. మీకు తెలిసిన మనిషి అలా పోతే పోలీసుస్టేషన్‌కి వెళ్లి పేరు చెప్పండి, ఎండలో పడి ఉండగా చూశామని రాసివ్వండి, పోస్టుమార్టం చేయించమని అడగండి. సొంతూరు నోటుబుక్కులో ఉంటే ఇంటివాళ్లకు కబురు కూడా అందుతుంది.

రోజూ సాయంత్రం మర్నాటికి ఏ మండలాల్లో వడగాలులుంటాయో విపత్తుల సంస్థ ప్రకటిస్తుంది, ఫోన్‌కి మెసేజీ కూడా వస్తుంది. ఆ రాత్రే వెళ్లి ఒక్కొక్కరికీ చెప్పండి, రేపు పదకొండు తర్వాత కాగితాలు ఏరడానికి వెళ్లొద్దని. మానేసినందుకు ఆ పూట కూలి పోతుంది, కాబట్టి ఆ రోజు భోజనం మీరు చూసుకోవాలి.

మీ నలుగురూ మధ్యాహ్నం చూసొచ్చే పని వంతులేసుకోండి, ఒక్కరే రోజూ తిరిగితే మీరే పడిపోతారు. రోహిణి కార్తె పోయింది, ఒక వాన పడింది అని కుండ ఎత్తేయకండి. 2023లో జూన్ మూడో వారం దాకా మన దగ్గర వడగాలులు తగ్గలేదు, ఒంటిపూట బడులు కూడా పొడిగించాల్సి వచ్చింది. వాన పడి ఆగాక వచ్చే ఎండలో ఉక్క ఇంకా ఎక్కువ, చెమట ఆరదు. వరసగా కొన్నిరోజులు మబ్బుపట్టి, రాత్రిళ్లు చల్లబడేదాకా పందిరి, కుండ, టాయిలెట్ ఒప్పందం ఉండనివ్వండి.